బాల్సా రెక్కకు ఫిల్మ్ వేయడానికి ఏ ఐరన్, ఏ హీట్ గన్ కొనాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్లాన్ చూసుకుని బాల్సా అనే తేలికపాటి కర్రతో కట్టిన 60 అంగుళాల ట్రెయినర్, అంటే ఎగరేయడం నేర్చుకునే మోడల్ విమానం, అస్థిపంజరం సిద్ధంగా ఉంది. దాని మీద వేడితో అంటించే ఫిల్మ్, అల్ట్రాకోట్, రెండు రోల్స్ ఇంట్లో ఉంది. చేతిలో నాలుగు వేలున్నాయి. డల్లాస్‌లో ఉన్న మీ బావ సంక్రాంతికి వస్తూ ఫిల్మ్ అంటించే చిన్న ఇస్త్రీ పెట్టె లాంటి కవరింగ్ ఐరన్, వేడి గాలి ఊదే హీట్ గన్ రెండూ తెస్తానంటున్నాడు. ఈలోగా అమ్మ ఇస్త్రీ పెట్టె, చెల్లి హెయిర్ డ్రయర్‌తో పని కానిచ్చేయొచ్చా అన్నది నీ సందేహం.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఐరన్ తెప్పించుకో. గన్ మాత్రం వద్దను. అది ఇక్కడే కొనుక్కోవచ్చు, అదీ ఇప్పుడే అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టెతో రెక్క వరకు పని నడుస్తుంది, అమ్మ ఒప్పుకుంటేనే. హెయిర్ డ్రయర్‌ను చెల్లికే వదిలెయ్. నాలుగు వేలలో మొదటి ఆరేడు వందలు పెట్టి, వేడి కొలిచే సాధనం ఒకటి కొను.

ఆ చివరి మాట దగ్గర నువ్వు మొహం చిట్లించి ఉంటావు. ఐరన్ అడిగితే థర్మామీటర్ అంటాడేమిటి అని. కానీ అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఫిల్మ్‌లో రెండు పొరలుంటాయి. పైన పాలియెస్టర్, దాని అడుగున వేడికి మెత్తబడే జిగురు. ఈ రెండూ వేర్వేరు వేడి దగ్గర పనిచేస్తాయి. తక్కువ వేడికి జిగురు కరిగి కర్రను పట్టుకుంటుంది. ఇంకాస్త పెంచితే పై పొర ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. ఇంకా పెంచితే చిల్లు పడుతుంది. నీ అల్ట్రాకోట్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంటుకుంటుంది, 150 దగ్గర బాగా బిగుస్తుంది. జర్మనీలో లానిట్జ్ కంపెనీ ఓరాకవర్ పేరుతో చేసే ఫిల్మే ఇది, అమెరికాలో ఈ పేరుతో అమ్ముతారు. పాతవాళ్ళు ఇప్పటికీ కలవరించే మోనోకోట్‌కు అంటుకోవడానికే 135 దాకా కావాలి, బిగియడానికి 175 దాకా వెళ్ళాలి. ఓరాలైట్ లాంటి పల్చటి రకాలకు ఇంకా తక్కువ వేడి చాలు. రోల్‌తో పాటు వచ్చిన కాగితంలో నీ ఫిల్మ్ అంకెలు ఉంటాయి. నా అంకెలకూ వాటికీ తేడా వస్తే వాటినే నమ్ము.

అల్ట్రాకోట్‌లో ఈ రెండు వేడిల మధ్య 45 డిగ్రీల జాగా ఉంది చూశావా, కొత్తగా నేర్చుకునేవాడికి అదే వరం. 105 దగ్గర అంచులన్నీ తీరిగ్గా అంటించుకోవచ్చు, ఫిల్మ్ చేతికింద ముడుచుకుపోదు. నచ్చకపోతే మెల్లగా వేడిచేసి లేపి మళ్ళీ వేసుకోవచ్చు. మోనోకోట్‌తో అలా కుదరదు. దాని రంగు జిగురు వైపు ఉంటుంది కాబట్టి లేపితే రంగు కర్ర మీదే ఉండిపోతుంది. మొదటిసారికి నీకు సరైన ఫిల్మే దొరికింది.

ఇక ఏ సాధనమైనా నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. దీన్ని 105 దగ్గర నిలబెట్టగలనా, తర్వాత 150 దగ్గర నిలబెట్టగలనా?

ఆ లెక్కన ఇస్త్రీ పెట్టెను చూద్దాం. దాని చక్రం మీద ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు ఉంటాయి. బట్టల లేబుళ్ళ మీద కూడా అవే చుక్కలు చూసి ఉంటావు. ఆ పద్ధతి ప్రకారం ఒక చుక్క అంటే 110 డిగ్రీల లోపు, రెండు అంటే 150 లోపు, మూడు అంటే 200 లోపు. అంటే ఒక చుక్క దగ్గర అంటించు, రెండు చుక్కల దగ్గర బిగించు అని ఎవరో మనకోసమే గీసిపెట్టినట్టు ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ చేతిలోకి తీసుకుంటే కథ వేరు. లోపలుండేది రెండు లోహాల పట్టీతో పనిచేసే థర్మోస్టాట్. అది వేడెక్కి వంగితే కరెంటు ఆగుతుంది, చల్లారితే మళ్ళీ కలుస్తుంది. ఈ ఆగడం కలవడం మధ్య అడుగు పలక వేడి పదిహేను ఇరవై డిగ్రీలు పైకీ కిందకీ ఊగుతుంది. చొక్కాకు ఆ ఊపు తెలియదు. ఫిల్మ్‌కు తెలుస్తుంది.

ఇంకా మూడు చిక్కులున్నాయి. బరువు కిలో దాకా ఉంటుంది, రిబ్బుల (రెక్కలో పక్కటెముకల్లాంటి కర్రల) మధ్య ఖాళీలో ఆన్చితే ఫిల్మ్ కిందకి దిగిపోతుంది. పలక వెడల్పు ఎక్కువ, రెక్క చివరి వంపులోకి, ఫిన్ (తోక మీద నిలువు పలక) మొదట్లోకి దూరదు. స్టీమ్ ఐరన్ అయితే అడుగునున్న రంధ్రాలు ఫిల్మ్ మీద అచ్చులు దించుతాయి. ఆవిరి లేని మామూలు పెట్టె, అడుగున నాన్‌స్టిక్ పూత ఉన్నది అయితే రెక్క వరకు నెట్టుకురావచ్చు. ఫిల్మ్ జిగురు అడుగున అంటుకుందంటే మర్నాడు నాన్నగారి తెల్ల చొక్కా మీద ఎర్ర మరక పడుతుంది. మా ఇంట్లో పడింది. అప్పట్నుంచి నా ఇస్త్రీ పెట్టె వేరు.

ప్రయాణాల్లో వాడే చిన్న ఇస్త్రీ పెట్టెలు కూడా ఉన్నాయి. తేలిగ్గా ఉంటాయి, ముక్కు సన్నగా ఉంటుంది. కవరింగ్ ఐరన్ దొరకనివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. కొనేటప్పుడు అడుగు పలక నున్నగా ఉందా, చక్రం మెల్లగా తిరుగుతోందా అని చూస్తే చాలు.

అసలు కవరింగ్ ఐరన్ ఎందుకు మేలంటే, పలక నాలుగైదు వేళ్ళ వెడల్పు మించదు, ముందు వైపు పడవ ముక్కులా ఉంటుంది, అంచులు పైకి గుండ్రంగా తిరిగి ఉంటాయి. ఆ గుండ్రటి అంచు వల్లే లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) మీద ఐరన్ దొర్లించినా ఫిల్మ్ మీద గీత పడదు. ఇస్త్రీ పెట్టె అంచు గీరుతుంది. వీటిలో చక్రం తిప్పేవి, అంకెల తెర ఉన్నవి అని రెండు రకాలు. డిజిటల్‌దైతే వేడి స్థిరంగా ఉంటుంది, అది నిజమే. కానీ తెర మీద అంకె, పలక అడుగున వేడి ఒకటే అనుకోకు. లోపలి సెన్సర్ ఎక్కడుందో అక్కడి వేడినే అది చూపిస్తుంది. నా దగ్గరున్న రెండు డిజిటల్ ఐరన్లలో ఒకటి 12 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. తేడా తెలిశాక దాంతో ఏ ఇబ్బందీ లేదు. అందుకే చక్రం తిప్పే ఐరన్, దాంతోపాటు నమ్మకమైన కొలత ఉన్నవాడు, కొలవకుండా డిజిటల్ ఐరన్‌ను నమ్మేవాడి కంటే మంచి రెక్క కడతాడని నా అభిప్రాయం.

కొలవడం ఎలా? నువ్వు ఈసీఈ అన్నావు కాబట్టి కే టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టుకునే మల్టీమీటర్ నీ దగ్గరో, ల్యాబ్‌లోనో ఉండే ఉంటుంది. ఉంటే ఆ ఆరేడు వందలు మిగిలినట్టే. నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి చెక్క మీద పరుచు, దాని మీద థర్మోకపుల్ కొస పెట్టు, పైన ఐరన్ ఆన్చు. రెండు మూడు నిమిషాలు ఆగితే అంకె నిలబడుతుంది. తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా వాడొచ్చు కానీ దానికో మాయ ఉంది. తళతళలాడే లోహం మీద పెడితే అసలు కన్నా చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా తక్కువ వదులుతుంది, చుట్టుపక్కల వేడిని అద్దంలా చూపిస్తుంది. నల్లటి నాన్‌స్టిక్ పూత మీదైతే ఫరవాలేదు. పలక మెరిసేదైతే దాని మీద చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించి, ఆ ముక్క మీద కొలువు. ఈ సంగతి తెలియక ఓ కుర్రాడు 90 చూపిస్తోందని చక్రం పెంచుకుంటూ పోయి, ఐరన్ పెట్టిన చోటల్లా ఫిల్మ్ కాల్చుకున్నాడు.

కొలిచాక చక్రం పక్కన చిన్న టేప్ అంటించి 105 ఎక్కడ, 150 ఎక్కడ అని పెన్నుతో గీత పెట్టుకో. ఆ రెండు గీతలే నీ ఐరన్‌కు ప్రాణం.

ఏ థర్మామీటరూ లేకపోతే పాత పద్ధతి ఉంది. రెండు వేళ్ళ వెడల్పున ఫిల్మ్ ముక్కలు ఓ పది కత్తిరించు. వెనక పారదర్శకమైన కాగితం తీసెయ్. అది ఊడిరాకపోతే ముక్క మూలలో రెండు వైపులా చెరో టేప్ ముక్క అంటించి లాగు, విడిపోతుంది. చిత్తు బాల్సా మీద ఒక ముక్క పెట్టి, చక్రాన్ని అట్టడుగు నుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ ఐరన్ ఆన్చు. ఎక్కడైతే ముక్క లాగినా ఊడిరాకుండా పట్టుకుంటుందో అక్కడ మొదటి గీత. తర్వాత ఇంకో ముక్క చివర మాత్రమే అంటించి, మిగతాది గాల్లో వదిలి దాన్ని ఐరన్‌తో తాకు. ఎక్కడైతే ముడుచుకోవడం మొదలుపెడుతుందో అక్కడ రెండో గీత. ఫిల్మ్ కంపెనీ మారిస్తే మళ్ళీ ఇదంతా చెయ్యాలి. ఒకే కంపెనీలో కూడా రంగు మారితే కొంచెం తేడా రావడం చూశాను.

ఇప్పుడు మీ బావ సంగతి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి ఐరన్‌ను తిన్నగా మన ప్లగ్‌లో పెడితే రెట్టింపు వేడి వస్తుందిలే అనుకుంటారు చాలామంది. రెట్టింపు కాదు. పవర్ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కదా, మూడున్నర రెట్లు దాటుతుంది. ఈ లెక్క నాకు ముందే తెలుసు, అయినా ఓ రాత్రి తొందరలో ప్లగ్ అడాప్టర్‌నే ట్రాన్స్‌ఫార్మర్ అనుకుని పెట్టేశాను. అరనిమిషంలో పొగ వచ్చింది. ఆ ఐరన్ ఇప్పుడు మా షెడ్డులో తలుపుకు అడ్డం పెట్టడానికి పనికొస్తోంది.

కాబట్టి అక్కడి ఐరన్ వస్తే వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కవరింగ్ ఐరన్లు వంద, రెండు వందల వాట్ల లోపే తింటాయి, 300 వీఏ (వోల్ట్ ఆంపియర్, అది మోయగల భారం) ట్రాన్స్‌ఫార్మర్ ధారాళంగా సరిపోతుంది. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో అడిగితే ఇస్తారు. తేలిగ్గా అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కన్వర్టర్ అంటగడితే తీసుకోకు. అవి వట్టి హీటర్ చుట్ట ఉన్నవాటికి తప్ప, లోపల సర్క్యూట్ ఉన్న డిజిటల్ ఐరన్లకు పనికిరావు. ఇనుప దిమ్మ ఉన్న బరువైన ట్రాన్స్‌ఫార్మరే కావాలి. 230 వోల్టుల మోడల్, లేదా 100 నుంచి 240 దాకా దేనికైనా పనిచేసే మోడల్ దొరికితే ఈ బాధే లేదు.

గన్ వద్దన్నది కూడా ఇందుకే. 120 వోల్టుల గన్ వెయ్యి, పన్నెండు వందల వాట్లు లాగుతుంది. దానికి 1500 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని ఖర్చుకు ఇక్కడ మంచి గన్ వచ్చేస్తుంది, మోసే బరువు అదనం. సూట్‌కేసులో ఆ జాగాలో ఇంకో రోల్ ఫిల్మ్ తెమ్మను, అదీ తెలుపు రంగు. తెలుపు ఎప్పుడూ ముందు అయిపోతుంది.

ఇక గన్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మోడళ్ళు పాడయ్యేది దాంతోనే.

మన హార్డ్‌వేర్ కొట్లలో దొరికేవి పెయింట్ ఊడదీయడానికి, పైపులు వంచడానికి చేసినవి. కార్లకు స్టిక్కర్ ర్యాపింగ్ చేసేవాళ్ళ చేతిలో చూసి ఉంటావు. పద్దెనిమిది వందలు, రెండు వేల వాట్లు. రెండు మీటలుంటాయి. ఒకటి 300 పైన, రెండోది 500 పైన. మనకు కావాల్సింది 150. అంటే తక్కువ మీట కూడా మనకు రెండింతలు ఎక్కువ. తేడాను దూరంతోనే సరిచేసుకోవాలి. గన్ నోరు దగ్గర 300 ఉన్న గాలి నాలుగంగుళాల దూరం వెళ్ళేసరికి చాలా చల్లబడుతుంది. దగ్గరకు జరిపితే చిల్లు, దూరం పోతే పని జరగదు. ఆ దూరం చేతికి అలవాటు కావాలి.

నా మొదటి గన్ కారు పెయింటర్ దగ్గర అప్పు తెచ్చింది. మీట ఎక్కువ వైపు ఉందని చూసుకోలేదు. నెల రోజులు కట్టిన రెక్క మీద తిప్పాను. కన్ను మూసి తెరిచేలోగా అరచేయంత చిల్లు, దాని వెనకే ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు) పాములా మెలిక తిరిగింది. చిల్లుకు అతుకు వేశాను. మెలిక మాత్రం పోలేదు, ఆ విమానం బతికున్నన్నాళ్ళూ ఎడమకే ఒరిగేది.

అందుకే కొనేటప్పుడు రెండు మీటల గన్ కంటే, వేడిని చక్రంతో మెల్లగా మార్చుకునే గన్ తీసుకో. రెండు వేలకు అటూ ఇటూగా దొరుకుతాయి. 200 దగ్గర పెట్టుకుంటే చాలు, దూరం పట్టింపు సగం తగ్గిపోతుంది. సన్నటి నాజిల్ వాడకు, వెడల్పుగా విరజిమ్మేది పెట్టు. ఇంకో మాట. మీ ల్యాబ్‌లో చిప్పులు ఊడదీసే హాట్ ఎయిర్ స్టేషన్ ఉంటే అది మన పనికి ముద్దొస్తుంది. 100 డిగ్రీల నుంచి మొదలుపెట్టి ఎంత కావాలంటే అంత అంకె పెట్టుకోవచ్చు. గాలి తక్కువ, నోరు చిన్నది కాబట్టి పెద్ద రెక్క మీద విసుగొస్తుంది. కానీ రెక్క చివరల వంపులకు, కాక్‌పిట్ చుట్టూ, ఫిన్ మొదట్లో ఇంతకంటే మంచి సాధనం లేదు. ఇన్‌చార్జ్ సార్‌ను బతిమాలుకో.

హెయిర్ డ్రయర్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు నీకే అర్థమై ఉంటుంది. తల మాడకూడదని చేసిన యంత్రం అది. దాని గాలి మామూలుగా వంద డిగ్రీలు దాటదు, రెండంగుళాల దూరంలో ఇంకా తగ్గుతుంది. జిగురు మెత్తబడుతుంది, ఫిల్మ్ మాత్రం బిగియదు. రెంటికీ చెడ్డ రేవడి.

గన్ లేకుండా పని అవుతుందా? అవుతుంది. నీ రెక్క మీద రిబ్బుల మధ్య ఖాళీల్లో ఐరన్‌ను 150 గీత దగ్గర పెట్టి, ఫిల్మ్‌కు తగిలీ తగలకుండా మెల్లగా తిప్పితే బిగుస్తుంది. గన్ వల్ల పని వేగం పెరుగుతుంది, వంపుల దగ్గర ఫిల్మ్‌ను వేడిగా ఉండగా లాగి కూర్చోబెట్టుకోవచ్చు. రెండో విమానానికి కొనుక్కున్నా ఏమీ మునిగిపోదు.

గన్ పెట్టకూడని చోట్లు మాత్రం గుర్తుపెట్టుకో. బాల్సా పలకలతో మూసిన భాగాల మీద, అంటే రెక్క నడుమ భాగం, ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్ళు) పక్కల మీద గన్ పెట్టావంటే కర్రలో చిక్కుకున్న గాలి ఉబ్బి ఫిల్మ్ పూరీలా పొంగుతుంది. అక్కడ ఐరన్‌తో నడుమ నుంచి అంచులకు తోసుకుంటూ రావాలి. అయినా బుడగ మిగిలితే గుండుసూదితో పొడిచి మళ్ళీ ఐరన్ పెట్టు. రెండు రంగులు కలిసే అతుకుల మీద కూడా గన్ వద్దు. ఫిల్మ్ ముడుచుకుంటూ లాగుతుంది, అదే వేడికి అతుకు కింద జిగురు కరిగిపోతుంది, అతుకు నోరు తెరుస్తుంది. తప్పనిసరైతే అతుకు మీద తడిగుడ్డ పరిచి పక్కన గన్ వాడు. కాక్‌పిట్ ప్లాస్టిక్ దగ్గర అసలే వద్దు.

థర్మోకోల్ రెక్కలున్న మోడల్ ఎప్పుడైనా కడితే ఈ లెక్కంతా మారిపోతుంది. థర్మోకోల్ వంద డిగ్రీల లోపే మెత్తబడి కుంగుతుంది. దానికి తక్కువ వేడికి అంటుకునే ఫిల్మే వాడాలి, గన్ ఇంట్లోంచి బయట పెట్టెయ్యాలి.

రెక్క మెలిక గురించి చెప్పకపోతే నీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఫిల్మ్ బిగిసేటప్పుడు దానికి ఎంత బలం ఉంటుందో మొదటిసారి చూసేవరకు నమ్మబుద్ధి కాదు. పై వైపంతా బిగించి తర్వాత కింద వైపు మొదలుపెడితే, రెక్క అప్పటికే పైకి వంగిపోయి ఉంటుంది. రెండు వైపులా ముందు 105 గీత దగ్గర అంచులు మాత్రమే అంటించు, కింద వైపు ముందు, పై వైపు తర్వాత, పావు అంగుళం ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు. అంటించేటప్పుడు మంచానికి నవారు అల్లినట్టు ఎదురెదురు వైపులు పట్టుకో. ఈ కొన మధ్యలో ఒక చోట, ఆ కొన మధ్యలో ఒక చోట, తర్వాత ముందూ వెనకా. అంతా అంటాక బిగించడం. పైన రెండు ఖాళీలు, కింద రెండు ఖాళీలు, అలా మార్చుకుంటూ పో. మధ్య మధ్యలో రెక్క వెనక నిలబడి, ట్రెయిలింగ్ ఎడ్జ్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూడు. మెలిక కనపడితే భయపడకు. దానికి ఎదురు దిశలో చేత్తో కొంచెం ఎక్కువే తిప్పి పట్టుకో. అప్పుడు ఒక పక్క ఫిల్మ్ వదులై ముడతలు పడుతుంది, ఆ ముడతల మీద వేడి పెట్టించు. చల్లారేదాకా పట్టు వదలకు. దీనికి ఇంకో మనిషి కావాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా ఆవిడది, ముప్పై ఏళ్ళుగా జీతం లేదు.

చుక్కాని (రడ్డర్), ఎలివేటర్ లాంటి తోక మీది పల్చటి ముక్కలు ఇంకా సున్నితం. వాటిని గన్‌తో ముట్టుకోనే కూడదు, ఐరన్‌తోనే రెండు వైపులా మార్చి మార్చి చెయ్యాలి.

ముడుచుకునే శక్తి అంతా మొదటి రోజే ఖర్చు చేసెయ్యకు. గుంటూరు ఎండలో మే నెలలో మైదానంలో అరగంట పెడితే ముదురు రంగు ఫిల్మ్ వదులవుతుంది, కారు డిక్కీలో పెడితే చెప్పనే అక్కర్లేదు. అప్పుడు మళ్ళీ ఐరన్ పెట్టి బిగించుకోవడానికి దానిలో కొంచెం మిగిలి ఉండాలి. మొదటిసారి ముడతలు పోయి నున్నగా కనపడగానే ఆపెయ్. వేలితో మీటితే తబలా మోగాలని చూసేవాళ్ళుంటారు, నేనూ ఒకప్పుడు అంతే.

చిన్న చిన్నవి కొన్ని. పనిచేసేటప్పుడు ఫ్యాన్ ఆపు. ఎంత ఉక్కగా ఉన్నా సరే. ఫ్యాన్ గాలికి ఐరన్ పలక చల్లబడి థర్మోస్టాట్ తడబడుతుంది, ఫిల్మ్ కూడా ఎగిరి దానికదే అంటుకుంటుంది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు గన్ పని పెట్టుకోకు. 230 ఉండాల్సింది 190 ఉంటే గన్ మూడింట రెండు వంతుల బలంతోనే పనిచేస్తుంది. నువ్వు దగ్గరకు జరుపుతావు, వోల్టేజీ ఒక్కసారి లేస్తుంది, చిల్లు పడుతుంది. వానాకాలం ముసురులో బాల్సా చెమ్మ పీల్చి ఉంటుంది, ఐరన్ పెట్టగానే ఆవిరి బుడగలొస్తాయి, ఎండ వచ్చేదాకా ఆగు. ఐరన్‌కు మేజోడులా తొడగడానికి గుడ్డ తొడుగులు అమ్ముతారు, ఫిల్మ్ మీద గీతలు పడకుండా. వాటికి డబ్బు పెట్టకు, పాత నూలు బనియన్ ముక్క బిగించి కట్టు. గుడ్డ కొంత వేడిని ఆపుతుంది కాబట్టి చక్రం ఐదు పది డిగ్రీలు పెంచుకోవాలి. సూపర్ గ్లూతో అంటించిన చోట్ల ఐరన్ ఎక్కువసేపు పెడితే కళ్ళు మండే పొగ వస్తుంది, కిటికీ తెరిచి ఉంచు. గన్ ఆపాక కూడా దాని ముక్కు పది నిమిషాలు కాలుతుంది, నేల మీద నిలబెట్టు, థిన్నర్ డబ్బా దరిదాపుల్లో ఉండకూడదు.

పొడుగాటి కడ్డీకి చిన్న పలక ఉండే ట్రిమ్ ఐరన్ కూడా అడిగావు. బాగుంటుంది, అక్షరాలు, గీతలు వేసుకునేటప్పుడు. ఇప్పుడు అక్కర్లేదు, కవరింగ్ ఐరన్ ముక్కుతోనే మూలలన్నీ అయిపోతాయి. సోల్డరింగ్ ఐరన్‌తో ఆ పని చేద్దామని చూడకు, దాని కొస 300 దాటి ఉంటుంది.

నేను ఇవేవీ లేని రోజుల్లో మొదలుపెట్టాను. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో పల్చటి టిష్యూ కాగితం అంటించి, నీళ్ళు చిలకరించి, ఆరి బిగిశాక డోప్ అనే ఘాటైన వార్నిష్ పూసేవాళ్ళం. ఆ డోప్ వాసన గది విడిచేది కాదు. హాస్టల్ వార్డెన్ ఒకసారి మేం ఏదో తాగుతున్నామనుకుని తలుపు విరగ్గొట్టినంత పని చేశాడు. అందులోనూ మెలికలుండేవి, కాకపోతే మెల్లగా వచ్చేవి.

కవరింగ్ పనిని రెక్కతో మొదలుపెట్టకు. రడ్డర్ తీసుకో. పాడైతే అరగంటలో ఇంకోటి కోసుకోవచ్చు. రడ్డర్, ఎలివేటర్, ఎయిలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) అయ్యాక రెక్క కింద వైపు, ఆ తర్వాత పై వైపు. ఈలోగా సంక్రాంతి వచ్చేస్తుంది. బావను ఐరన్ కొనేముందు దాని వెనకుండే ప్లేటు ఫొటో తీసి పంపమను. వోల్టులు, వాట్లు ఎంత రాసి ఉన్నాయో ఇక్కడ పెట్టు, ఎంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలో అప్పుడు లెక్క కట్టి చెబుతాను.